పందొమ్మిది నెలల పిడికెడు బియ్యం

హైదరాబాదు, నాంపల్లి రైల్వే స్టేషన్ వెనక సందులో నివాసముంటున్న, కీర్తిశేషులు రాజమల్లు భార్యనైన శంకరమ్మ అనే నేను, డెబ్భై నాలుగేళ్ల వయసులో, బుద్ధి స్థిరంగా ఉండగా, మందుల మత్తు గాని ఒకరి ఒత్తిడి గాని లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీని తరువాత రాసే ఓపిక కూడా లేదు.

నా చెయ్యి వణుకుతుంది కనుక, నేను చెబుతుంటే వకీలు నవత రాస్తున్నది. కోర్టు భాషలో ఉన్న వాక్యాలు ఆమెవి, మిగతావి నావి. కొన్నిచోట్ల ఆమె కలం ఆపి, ఇలాంటివి వీలునామాలో రాయరు పెద్దమ్మా అన్నది. రాయమన్నాను. ఇల్లూ వాకిలీ అప్పగించి పోయేటప్పుడు నా తప్పు కూడా ఎవరికో ఒకరికి అప్పగించి పోవాలి గదా.

ముందుగా ఒక షరతు. నన్ను సమాధి చేసిన తరువాత వచ్చే మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, దీవెన చెప్పకముందే, ఈ కాగితాన్ని మా నాంపల్లి తెలుగు సంఘం ముందర మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఇబ్బందిగా ఉన్న చోట గొంతు తగ్గించకూడదు.

1. మా సంఘ కార్యదర్శి రత్నాకర్‌ను ఈ వీలునామాకు అమలుదారుగా నియమిస్తున్నాను. ఆయనకు నాకు పదహారేళ్లుగా పడదు. 2009 క్రిస్మస్ విందులో నేను వండిన బగారన్నంలో ఉప్పు తక్కువైందని మైకులో ప్రకటించిన మనిషి. ముప్పై ఏళ్లు కోఠిలో ఆడపిల్లల హాస్టల్‌లో వండి పెట్టిన దాన్ని, ఒక్క పిల్ల నా ఉప్పుకు వంక పెట్టలేదు. అయినా రత్నాకర్ కాగితం పోగొట్టడు, తాళంచెవి తీసిన చోటే పెడతాడు. అందుకని ఆయనే ఉండాలి. ఇది చదవవలసింది కూడా ఆయనే. మైకంటే ఎలాగూ ఇష్టం.

2. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, ముందున్న రేకుల వరండా, కరెంటు, నల్లా కనెక్షన్లతో సహా, మా అన్న బీరయ్య కొడుకు పరశురాంకు సర్వహక్కులతో చెందవలెను. ఇందులో మరెవరికీ ఏ విధమైన హక్కూ భుక్తమూ లేవు.

నేను బాప్తిస్మం తీసుకున్న ఏడు మా అన్న నాతో మాట మానేశాడు. మేము గొర్లు కాసుకునేవాళ్లం. ఇంటి దేవుణ్ణి కాదని పోయానని ఆయన బాధ. ఆ బాధను నేను ఏనాడూ తప్పు పట్టలేదు. పదకొండేళ్ల తరువాత నా భర్త పోయిన రోజు వచ్చి, గడపలో కూర్చొని, 'నా చెల్లెను మంచిగ చూసుకొమ్మని నీ దేవునికి చెప్పు' అన్నాడు. నా కోసం ఎవరైనా చేసిన ప్రార్థనల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఆయన కొడుకు పరశురాం మా చర్చిలో ఒక్కనాడు లోపల కూర్చోలేదు. కాని నా మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి ప్రతి ఆదివారం నన్ను బండి మీద తెచ్చి దింపి, ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చొని, ఆరాధన ఎంతసేపు సాగినా కదలకుండా ఉన్నాడు. ప్రసంగం పొడుగైన రోజుల్లో మూడు చాయలు తాగాడు. 'అత్తా, మీ దేవునికి గడియారం లేదా' అని మాత్రం అడిగేవాడు. ఇల్లు వాడిది. గోడ మీది శిలువ ఉంచాలా తియ్యాలా అన్నది కూడా వాడి ఇష్టం, దానికి నేను షరతు పెట్టను.

3. నా బంగారు కమ్మలు పరశురాం కూతురు స్నేహకు. అవి తాకట్టు ఎరగని కమ్మలు. వాటితో పాటు ఒక మాట. బాప్తిస్మం నాడు నాకు వేరే పేరు పెడతామన్నారు. మా నాయన పెట్టిన పేరు పిలవడం దేవునికి రాదా అని అడిగాను. అందరూ నవ్వారు, నా పేరు నాకు మిగిలింది. రేపు నువ్వు ఏ ఇంటికి పోయినా, ఎవరేమన్నా, నీ పేరు నువ్వు ఉంచుకో బిడ్డా.

4. ఇంద్రసేన అయ్యగారికి ఆయన నల్ల గొడుగు. నా మంచం కింద ఉంది. ఆయన ఇరవై ఏడేళ్లు మా సంఘానికి కాపరి. 2022 మే నెల ఆఖరి ఆదివారం రిటైరై జహీరాబాద్ వెళ్లిపోయారు. వయసు మీరితే ఎవరైనా రిటైరవుతారు. అయినా మమ్మల్ని నడిమధ్యన వదిలేసి పోయారని నాకు ఒళ్లు మండింది. ఆయన చర్చిలో మరిచిపోయిన గొడుగును ఇంటికి తెచ్చి దాచాను. వరసగా రెండు వానాకాలాల్లో ఫోన్ చేసి అడిగితే కనిపించలేదని చెప్పాను. అయ్యగారూ, ఆ రెండు వానాకాలాలు మీరు తడిసి ఉంటే నన్ను క్షమించండి.

5. ఇది నా సంఘానికి. మిగతా అంశాలన్నీ దీని కోసమే రాయించాను.

మా సంఘంలో మా అత్తల కాలం నుంచి ఒక ఆచారం ఉంది. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుని భాగం. ఆదివారం దాన్ని గుడ్డసంచిలో చర్చికి తెస్తాం. కొంత అయ్యగారి ఇంటికి, మిగతాది లేనివాళ్లకు పోతుంది. చదువు లేని ఆడవాళ్లం, చేతిలో ఏమీ ఆడని వాళ్లం, మా అంతట మేము దేవునికి ఇవ్వగలిగింది అదొక్కటే. దానికి భర్తను అడగనక్కర లేదు.

ఇంద్రసేన అయ్యగారు వెళ్లాక మాకు కొత్త అయ్యగారు రాలేదు. ఇదిగో అదిగో అంటూ, మా చర్చిలన్నింటికీ అయ్యగార్లను పంపే పెద్ద సభవాళ్లు పందొమ్మిది నెలలు గడిపారు. యాభై రెండు కుటుంబాల సంఘం మాది. ఒక్కొక్కరే జారుకున్నారు. కొందరు పెద్ద పెద్ద చర్చిలకు పోయారు, కొందరు ఫోన్లో వచ్చే ఆరాధనతో సరిపెట్టుకున్నారు, కొందరు ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ఉండిపోయారు. చివరికి పదకొండు కుటుంబాలం మిగిలాం. ఫ్యాను చప్పుడు కంటే మా పాట చిన్నగా వినిపించేది.

నేను ఒక్క ఆదివారం మానలేదు. తాళం తీసింది నేను, ఊడ్చింది నేను, పాట ఎత్తుకున్నది నేను. అందరికీ తెలిసేలా మానలేదు. రానివాళ్ల పేర్లు ఎప్పుడూ నా నోట్లో నానుతుండేవి.

జమున సంగతి ఇక్కడే చెప్పాలి. ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేస్తుంది, నాకంటే పదిహేనేళ్లు చిన్నది, భర్త లేడు, ఒంటరి మనిషి. ఇంద్రసేన అయ్యగారి వీడ్కోలు నాడు వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపు వస్తున్నది, అది ఆపుకోవడానికి ఎవరినో ఒకరిని తిట్టాలనిపించింది. 'నువ్వు అయ్యగారి కోసం వచ్చినవా, దేవుని కోసం వచ్చినవా' అని అందరి ముందర అడిగాను. ఆమె సంచి తీసుకొని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆమె జారుకుందని నేను అందరికీ చెప్పాను. నిజానికి నేను తరిమాను.

2023 డిసెంబరు మొదట్లో పెద్ద సభ నుంచి ఉత్తరం వచ్చింది. సంఘంలో నిజంగా ఎన్ని కుటుంబాలు ఉన్నాయో నెలాఖరులోగా రాసి పంపండి, ముప్పైకి తగ్గితే కొత్త అయ్యగారిని ఇవ్వలేము, మిమ్మల్ని సికింద్రాబాద్ సంఘంలో కలిపి ఆ తలుపులు మూస్తాము అని దాని సారం. రత్నాకర్ రిజిస్టరు ముందేసుకొని, రాని నలభై ఒక్క కుటుంబాల జాబితా తీశాడు. పేర్లు కొట్టేయాలంటే వాళ్ల సంతకాలు కావాలి. ఇంటింటికీ తిరిగే పని నాకు అప్పగించాడు. నేను సంతోషంగా తీసుకున్నాను. సంతోషంగా అన్న మాట కూడా రాయి నవతా.

మొదట జమున ఇంటికే పోయాను, ఆ సంతకం నాకు ముందుగా కావాలి. నాంపల్లి మార్కెట్ వెనక ఒక్క గది ఇల్లు. రా అక్కా అని కుర్చీ వేసింది, చాయ పెట్టింది. పొయ్యి పక్కన మూతలకు పాత చీర ముక్కలు కట్టిన రెండు నూనె డబ్బాలు ఉన్నాయి. సాయంత్రం వంటకు బియ్యం కొలిచింది, అందులోంచి ఒక పిడికెడు తీసింది, గుడ్డ విప్పి డబ్బాలో వేసి మళ్లీ కట్టింది. నాతో మాట్లాడుతూనే చేసింది. అవేంది అని అడిగాను. దేవునివి అన్నది. అయ్యగారు లేరు గదా అన్నాను.

'అయ్యగారు లేకుంటే మనం వండుకునుడు బంద్ పెట్టినమా అక్కా? దేవుని వాటా మనమెట్ల తింటం' అన్నది.

చాయ తాగాను. సంచిలోంచి కాగితం తియ్యలేదు.

తరువాత ఎనిమిది రోజులు తిరిగాను. జాబితా పట్టుకొని పోయి ప్రతి ఇంట్లో ఒకటే అడిగాను, పిడికెడు తీస్తున్నారా అని. నలభై ఒక్క ఇళ్లలో ముప్పై నాలుగిళ్లలో తీస్తున్నారు. ఒకరు రంగుల బకెట్టులో, ఒకరు పిడి విరిగిన కుక్కర్లో, ఒకరు చినిగిన బడి సంచిలో. ఒక ఆటో నడిపే అతని భార్య మంచం కింద దాచింది, ఆ సంగతి ఆయనకే తెలియదు. వేరే చర్చిలో చేరిపోయిన ఇంటివాళ్లు కూడా, 'గాడ కానుక ఏస్తం గని గిది మాత్రం మన సంఘానిది' అన్నారు. ఒకామె, అత్త మంచాన పడ్డప్పుడు అందులోంచి రెండు సోలలు వాడుకున్నానని, తరువాత కొలిచి కలిపేశానని, తల వంచుకొని నాకు చెప్పుకున్నది. నాకు చెప్పుకున్నది!

ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ప్రతి ఇల్లూ తానొక్కటే తీస్తున్నానని అనుకుంటున్నది. ప్రార్థన కూడా మానేశామని కొందరు దాచకుండా చెప్పారు. నోరు మానేసింది, మోకాలు మానేసింది, చెయ్యి మాత్రం మానలేదు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు, తీసుకునేవాళ్లు లేరు, వస్తారన్న నమ్మకమూ లేదు. అయినా పొద్దునా సాయంత్రం పొయ్యి దగ్గర ఆ చెయ్యి ఆగి, ఒక పిడికెడు పక్కకు పెడుతూనే ఉంది.

నాకు భయం వేసింది. ఎలాంటి భయమో సరిగ్గా చెప్పలేను. మా సంఘం చచ్చిపోయింది, దాన్ని నేనొక్కదాన్ని మోస్తున్నానని పందొమ్మిది నెలలు అనుకున్నాను. నేను మొయ్యడం లేదు. అది నాకు కనపడని చోట బతికే ఉంది. దేవుడు ఈ ఇళ్లన్నింట్లో నిశ్శబ్దంగా ఉన్నాడని, నేను ఆ ఇళ్ల పేర్లు కొట్టేయడానికి పోయానని అర్థమైనప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఈ రోజుకీ తలుచుకుంటే జలదరిస్తుంది.

ఇక నా ఇంటి సంగతి. నా డబ్బా ఖాళీ.

ఇంద్రసేన అయ్యగారు వెళ్లిన మరునాడు, సోమవారం పొద్దున, బియ్యంలో చెయ్యి పెట్టి ఆగాను. ఇంక ఎవరికి అనుకున్నాను. కోపంతో ఆ పిడికెడు కూడా కుండలోనే వేశాను. మంగళవారం అంత కోపం కూడా అవసరం పడలేదు. తరువాత గుర్తే రాలేదు. నాకు ఎవరూ చూడని పని ఒక్కటుండేది, అది మానేశాను. అందరూ చూసే పనులన్నీ చేశాను.

రత్నాకర్‌తో చెప్పాను, పేర్లు కొట్టేయకు, డిసెంబరు ముప్పై ఒకటి ఆదివారం అందరినీ బియ్యం తెమ్మందాం అని. సరే అన్నాడు. ఆ ముందు రోజు శనివారం నాకు గుండెలో రాయి పడింది. అందరూ తెస్తారు, శంకరమ్మ వట్టి చేతులతో వస్తుంది. నాంపల్లిలో కొంటే ఎవరైనా చూస్తారని ఆటోలో అఫ్జల్‌గంజ్ పోయి ఇరవై ఐదు కిలోల బస్తా కొన్నాను. పిడికెడు బియ్యమంటే అనేక రకాలు కలిసి ఉంటాయి గదా. అందుకని ఇంట్లో ఉన్న రేషన్ బియ్యం అందులో కలిపాను. పాత గుడ్డసంచుల్లోకి ఎత్తాను. అంత తెలివిగా చేశాను.

ఆ ఆదివారం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆటోల్లో వచ్చారు, బండ్ల మీద వచ్చారు, ఒకరు తోపుడు బండి మీద తెచ్చారు. బల్ల ముందు నాలుగు దుప్పట్లు పరిచాం, చాలలేదు. పోస్తుంటే పోస్తుంటే కుప్ప నా నడుము దాకా లేచింది. తెల్లవీ, ముతకవీ, పసుపు పచ్చగా మారినవీ, అన్నీ ఒకే కుప్ప. ఎవరూ పాట ఎత్తుకోలేదు. బియ్యం జారే చప్పుడు తప్ప ఏమీ లేదు. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, నువ్వు కూడానా అన్నట్టు. రత్నాకర్ మైకు పట్టుకొని ఒక్క మాట మాట్లాడలేకపోయాడు. పదహారేళ్లలో అదొక్కసారే.

పెద్దదాన్ని గదా అని నా సంచులు చివరికి పోయించారు. పోస్తే చప్పట్లు కొట్టారు. ఇంకెవరి బియ్యానికీ కొట్టలేదు.

నలభై ఐదు కుటుంబాలని రాసి పంపాం. ఫిబ్రవరిలో మహీధర్ అయ్యగారు వచ్చారు. ఆయన మంచి పిల్లవాడు. ఇప్పటికి మూడుసార్లు ప్రసంగంలో నా పేరు చెప్పారు, అయ్యగారు లేని కాలంలో తలుపు తెరిచిన చెయ్యి, పిడికెడు తీసిన చెయ్యి అని. మూడుసార్లూ నేను తల వంచుకొని కూర్చున్నాను. అది వినయమనుకున్నారు.

ఇదీ నా తప్పు. సంఘమా, ఆ కుప్పలో నాది తప్ప అన్నీ నిజమైన బియ్యం. మిమ్మల్ని నిలబెట్టింది నేను కాదు. మీరు వెళ్లిపోయారని నేను తిట్టిన రోజుల్లో కూడా మీరే నన్ను నిలబెట్టారు.

6. నా స్టీలు బియ్యం డబ్బా మహీధర్ అయ్యగారికి. 2024 జనవరి ఒకటి నుంచి నేను తీస్తున్నాను, ప్రతి ఆదివారం తెస్తున్నాను, అది మాత్రం నిజం. ఆయనకు ఇంకా పెళ్లి కాలేదు, తానే వండుకుంటారు. అయ్యగారూ, మీరు కూడా తియ్యండి. మాట్లాడే పని ఉన్నవాళ్లకు ఎవరూ చూడని పని కూడా ఒకటి ఉండాలి.

7. చర్చి వెనక కొత్తగా కట్టే వంటగది గోడకు నా పేరుతో రాయి పెట్టాలని కమిటీ తీర్మానం చేసిందట. ఆ రాయి పెట్టకూడదు. ఇప్పటికే చెక్కించి ఉంటే తిరగేసి లోపల పరవండి, మసాలా నూరుకోవడానికి పనికొస్తుంది.

8. జమునకు ఈ వీలునామాలో ఏమీ లేదు. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు ఏమీ రాయకూడదని, రాస్తే చెల్లదని నవత చెప్పింది. నాకు ఆమె సంతకమే కావాలి. ఆ బియ్యం ఆదివారం ఆమె తిరిగి చర్చికి వచ్చి, ఏమీ జరగనట్టు నా పక్కనే కూర్చుంది. ఏడాదిన్నరకు పైగా పక్కనే కూర్చుంటున్నది. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. జమునా, అందరి ముందర అన్న మాటను అందరి ముందరే వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు దేవుని కోసమే వచ్చినవు.

సాక్షులకు వీలునామా చదివి వినిపించనక్కర లేదని నవత అన్నది. అంతా వినిపించాకే జమునను సంతకం అడగమన్నాను. విన్నాక ఆమె పెట్టనంటే ఎట్లా, ఇంకొకరిని కూడా పిలిచి ఉంచుదామని అన్నది. వద్దన్నాను. ఆమె పెట్టకపోతే ఈ కాగితం చెల్లకుండానే పోనీ.

పైన రాసినదంతా నేను చెప్పగా రాసి, నాకు చదివి వినిపించగా, నా మాటలేనని ఒప్పుకొని సంతకం చేస్తున్నాను.

నాంపల్లి, హైదరాబాదు.
13 సెప్టెంబరు 2025, శనివారం.

(సంతకం) శంకరమ్మ

రాసినది: నవత, వకీలు.

సాక్షులు:

1. వెంకటేశ్వర్లు, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గన్‌ఫౌండ్రీ. (సంతకం)

2. జమున, నాంపల్లి. (సంతకం)

రెండో సాక్షి సంతకం కింద తన చేత్తో రాసినది:

నవతమ్మ మొత్తం చదివింది, విన్న. శంకరమ్మక్క నా ముందటనే సంతకం పెట్టింది. ఒక్క మాట రాస్త. ఆ ఆదివారం బియ్యం ఏరనీకి మొదలు కూసున్నది నేనే. అక్క బియ్యం పైననే ఉండె. పందొమ్మిది నెలల బియ్యమంటిరి, ఒక్క పురుగు లేదు, ఒక్క వేపాకు లేదు. అక్క హాస్టల్ల వండిన మనిషి, గాడ బియ్యం నెల గూడ నిల్వుండయి, గందుకే వేపాకు ఆమెకు యాదికి రాలే. మిగిలినోళ్లు చెయ్యి పెట్టకముందే ఇంట్ల ఇంక మిగిలిన మా రెండో డబ్బ బియ్యం వేపాకుతోని తెచ్చి అండ్ల కలిపిన. గీ దినం దాక ఎవ్వలికి చెప్పలే.